అక్కకి మిగిలిన ఒక్క మాట

మెదడు పాఠం నేను ఏటా చెబుతాను. గోదావరి అవతల, కొవ్వూరు దాటాక ఒక హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. బోర్డు మీద కాలీఫ్లవర్ లాంటి బొమ్మ గీస్తాను. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని బాణాలు వేస్తాను. ఎడమ సగం కుడివైపు ఒంటినీ, కుడి సగం ఎడమవైపు ఒంటినీ నడుపుతాయని చెప్పి, ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందని బెదిరించి బయటపడతాను. ఒకసారి ఒక పిల్ల లేచి, మరి మాట ఎక్కడుంటుంది మేడం అని అడిగింది. అది సిలబస్‌లో లేదు, కూర్చోమన్నాను.

తరవాత అది మా ఇంట్లోనే తెలిసింది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళి వద్దనుకుంది. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో జాకెట్లు కుట్టే కొట్టు పెట్టి, దాని మీదే నన్నూ తమ్ముణ్ణీ చదివించింది. మా ఆయన పోయాక నేను వచ్చి అక్క దగ్గరే ఉంటున్నాను. తమ్ముడికి యానాంలో ఉద్యోగం. అక్కడ మందు చవక కాబట్టి, యానాం అనగానే మా వీధిలో కొందరు, వచ్చేటప్పుడు సంచీ బరువుగా ఉంటుందా అని కన్ను గీటుతారు. వాడు చర్చిలో కానుక పళ్ళెం పట్టే మనిషి, పాపం.

మా ఇంట్లో మాటలన్నీ చిన్నదానివి, పనులన్నీ పెద్దదానివి అనేది అమ్మ. నేను కుదురుగా కూర్చోలేను. కూర్చున్నా కాలు ఊగుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ళు ఏదైనా చెప్పబోతే సగంలో అందుకుని నేనే పూర్తి చేసేస్తాను. వేడి గిన్నె తగిలితే, మెదడుకి కబురు అందేలోపే వెన్నుపాము చేతిని వెనక్కి లాగేస్తుందని, దాన్ని ప్రతీకార చర్య అంటారని పిల్లలకి చెబుతాను కదా, నా నోరు కూడా ఆ దారినే నడుస్తుంది. అక్క నాలాంటిది కాదు. ఇంట్లో అవసరమైతేనే నోరు విప్పేది. కొట్లో మాత్రం రోజంతా ఒకే మాట వాడేది. చేతులు కాస్త పొడుగు పెట్టండి అంటే అలాగేనండి. వెనక మెడ మరీ లోతు వద్దండి అంటే అలాగేనండి. శుక్రవారానికి ఇచ్చెయ్యాలండి అన్నా అలాగేనండి. శుక్రవారానికి ఇచ్చేదా అంటే ఇచ్చేది కాదు, అది వేరే సంగతి.

పోయిన ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో, బడి నుంచి వస్తుంటే ఫోన్ మోగింది. బస్సు గోదావరి వంతెన మధ్యలో ఆగిపోయి ఉంది. ముందెక్కడో లారీ మొరాయించింది. కింద పట్టాల మీద రైలు పోతోంది, ఆ చప్పుడులో ఒక్క ముక్కా వినపడటం లేదు. రైలు దాటాక తెలిసింది, అవతల మాట్లాడుతున్నది అక్క కొట్టు పక్కన కిరాణా కొట్టాయన.

"అక్కగారికి బాగోలేదండి. నోరు కాస్త పక్కకి తిరిగినట్టుందండి."

"ఎప్పట్నుంచండి?"

"మధ్యాహ్నం భోజనాల వేళ నుంచండి. బీపీ పడిపోయిందేమో అని నిమ్మకాయ నీళ్ళు పట్టామండి. ఆసుపత్రికి వెళదామాండి అంటే అలాగేనండి అన్నారు. పోనీ కాసేపు నడుం వాలుస్తారా అంటే దానికీ అలాగేనండి అన్నారు. సరే, పడుకోనిద్దామని..."

ఆ పెద్దమనిషిని నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టే ఆవిడ మాట కాదనలేకపోయాడు. బస్సు దిగి నడిచిపోదామా అనుకున్నాను, కానీ ఆ వంతెన పొడుగు నాకు తెలుసు. దిగకుండా బస్సులోనే డ్రైవరు సీటు నుంచి వెనక అద్దం దాకా, అద్దం నుంచి డ్రైవరు దాకా నడిచాను. మీరు నడిస్తే బస్సు కదలదు మేడం, కూర్చోండి అన్నాడు కండక్టరు. కూర్చోలేకపోయాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు స్కాన్ ఫిల్మును వెలుగుకేసి పట్టి చూపించారు. మెదడు ఎడమ పక్క ఒక రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందట. వెంటనే వచ్చి ఉంటే కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం, ఆ వేళ దాటిపోయిందండి అన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ బలం తగ్గాయి, ఎక్సర్‌సైజులు చేయిస్తే చాలావరకు తిరిగొస్తాయి. మనం చెప్పేది ఆవిడకి అర్థమవుతోంది. కావలసిన మాటని వెతికి నోటిదాకా తెచ్చే దారే దెబ్బతింది.

"మరి ఆ ఒక్క మాటా ఎలా వస్తోందండి? ఏమడిగినా అలాగేనండి అంటోంది."

ఆయన ఓపిగ్గానే చెప్పారు. మనం ఏ మాటకామాట ఆలోచించి కూర్చుకునే పని చాలామందిలో ఎడమ సగం చేస్తుంది. ఆలోచించకుండా రోజూ అనేవి, నమస్కారాలు, ఒకటీ రెండూ మూడూ, ప్రార్థనలు, తిట్లు, ఇవి చేతి అలవాటులాంటివి. వాటి దారి వేరు. అందుకే కొందరికి మాటంతా పోయి ఒక తిట్టు మాత్రం మిగులుతుంది. మీ అక్కగారికి మర్యాద మిగిలింది అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తిట్టు మిగిలినా బాగుండేది అనుకున్నాను. తిట్టిన మనిషి ఒప్పుకుందని ఎవరూ అనుకోరు.

ఇంటికి తీసుకొచ్చాక నా భయం నిజమైంది. అక్కకి ఇష్టం లేనిది ఇష్టం లేదని చెప్పడానికి దారి లేకుండా పోయింది. తల ఊపడం కూడా తారుమారయ్యేది. కాఫీ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, తెచ్చి ఇస్తే తాగేది. చూడటానికి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి అడిగేవారు, అక్క అలాగేనండి అనేది, వాళ్ళు సంతృప్తిగా వెళ్ళిపోయేవారు. ఒకే సాయంత్రానికి ముగ్గురు మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. ముగ్గురికీ అక్క మాటిచ్చిందట. పక్షవాతానికి పావురం మంచిదండి, వండి తెమ్మంటారా అని ఒకావిడ అడిగింది. మర్నాడే టిఫిన్ డబ్బాలో పావురం కూర వచ్చింది. అక్కకి కోడి తప్ప ఏ పిట్టా సయించదు. ఆవిడ ఎదురుగా కూర్చుని, తినండి అక్కగారూ అని బతిమాలుతుంటే, అక్క ఎడం చేత్తో ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నాకేసి చూసింది.

మా గోదావరి వాళ్ళకి ఇదొక జబ్బు. మాట చివర అండి ఉంటే చాలు, లోపలేముందో విప్పి చూడరు. చూడటం మర్యాద కాదనుకుంటారు.

నేను ఊరుకునే రకం కాదు. ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఆ అమ్మాయి అక్క ఎడం చేతిని బల్ల మీద తడుతూ, మాటని చిన్న రాగంలో పెట్టి, నీ-ళ్ళు కా-వా-లి అని అనిపించేది. ఇంటికొచ్చాక నేను దానికి రెట్టింపు చేయించేదాన్ని. వంటింట్లో ఉన్న సామానంతా టేబుల్ మీద పేర్చేదాన్ని.

"ఇదేంటక్కా?"

"గ... గీ..."

"గరిటె. గరిటె అను."

"అలాగేనండి."

గ్లాసు, చెంచా, అట్లకాడ, జల్లెడ. అక్క పెదవులు కదిలేలోపే నా నోట్లోంచి మాట దూకేసేది. నాకు నిలవబుద్ధి కాదు. స్టవ్ మీద ఏదో ఉంటుంది, బస్సుకి వేళవుతుంటుంది, ఏమీ లేకపోతే నా కాలే తొందరపెడుతుంది. ఒకరోజు విసుగొచ్చి గరిటెని విసిరికొట్టాను. అక్క కుర్చీ పట్టుకుని లేచి, వంగి, ఎడం చేత్తో దాన్ని తీసి సింకులో కడిగి పెట్టింది. నన్నేమీ అనలేదు. అనడానికి ఆవిడకి ఉన్నది ఒక్కటే మాట, అది కూడా అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

అలా ఉండగా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంటికొచ్చారు. ఆ సమాజంలో పాటలు ఎత్తుకునేది ఎప్పుడూ అక్కే. ఈసారి ఇంకెవరో ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. రెండో చరణం దగ్గర అందరి గొంతుల కిందా ఒక గొంతు వినిపించింది. కాస్త బరువుగా, శ్రుతిలో. పంచదార డబ్బా మూత చేతిలో పట్టుకునే పరుగెత్తాను. అక్క పాడుతోంది. ఒక్క మాట తప్పలేదు. నోరు తిరగని పాత మాటలు కూడా నీళ్ళలా వచ్చేస్తున్నాయి. అందరూ ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను.

పాట అయిపోగానే అక్క పక్కన చేరి, చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, ఇప్పుడేం పాడావు? చెప్పు."

"అలాగేనండి" అంది అక్క.

అది నేను తప్ప ఎవరూ వినిపించుకోలేదు. మాట వచ్చేసింది, దేవుడు మాట ఇచ్చాడు అని అప్పటికే ఒకావిడ ఫోన్‌లో అయ్యగారికి చెబుతోంది. మా పాస్టరు గారిని అందరం అయ్యగారనే అంటాం. ఆయన సాయంత్రానికే వచ్చారు. నేను ఆయనకి విడమరిచి చెప్పాలని చూశాను. పాటకి మెదడు కుడి సగం సాయం పడుతుందండీ, అది అక్కకి బాగానే ఉందండీ. రాగం ముందు పోతుంటే చిన్నప్పట్నుంచీ పాడిన మాటలు సూది వెనక దారంలా వస్తాయండీ. మంచినీళ్ళు కావాలని మాత్రం ఇంకా చెప్పలేకపోతోందండీ. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు.

"దేవుని కార్యానికి కుడేంటమ్మా, ఎడమేంటి" అన్నారు. "కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం."

మా వాళ్ళలో జబ్బు పడి లేచినవాళ్ళు చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. ప్రార్థన అయ్యాక అందరికీ భోజనం. తమ్ముడు యానాం నుంచి సెలవు పెట్టి వచ్చాడు. చుట్టాలు దిగారు. ఆ హడావిడిలో స్పీచ్ థెరపీ ఆగిపోయింది. వచ్చేసింది కదా చిన్నక్కా, ఈ ఎండలో ఇంకా ఆటోల్లో తిప్పడం దేనికి అన్నాడు తమ్ముడు. వాడితో వాదించి, చుట్టాలతో వాదించి, చివరికి నాకు విశ్వాసం తక్కువని పేరు తెచ్చుకున్నాను.

కూడిక రోజున అక్కకి నేనే చీర కట్టాను. చర్చి నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలే. ఆవరణలో పలావు దమ్ మీద ఉంది, వాసన లోపలికొస్తోంది. వాక్యం చదివాక అయ్యగారు, మన సహోదరి ఇప్పుడు తన సాక్ష్యం చెబుతారు అన్నారు. ఆ సంగతి నాకు ముందు తెలియదు. మొన్నే ఆవిడని అడిగాను, ఒప్పుకున్నారు అని ఆయనే కలిపారు.

అక్క కర్ర ఆనించుకుని లేచింది. ఒకబ్బాయి మైకు తెచ్చి పట్టాడు. అక్క అందరికేసీ చూసింది. నోరు తెరిచింది. నే... అంది. మళ్ళీ నే... అంది. మైకులో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను సగం లేచాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. ముందు వరసలో ఒకావిడ, చెప్పండక్కా, ఏం ఫర్లేదు అంది. అలాగేనండి అంది అక్క. ఎవరో చిన్నగా నవ్వారు. అంతలో అక్క ఆ పాత కీర్తనే ఎత్తుకుంది. ఆవిడకి ఇంకో దారి లేదు. జనమంతా లేచి నిలబడి, చప్పట్లతో అందుకున్నారు. అక్క కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆనందం ఆపుకోలేకపోతున్నారు పాపం అంది నా పక్కనావిడ. అది ఆనందం కాదు. సిగ్గుతో ఏడుస్తోంది అక్క. అంతమంది మధ్య నాకు తప్ప అది ఎవరికీ కనపడలేదు. నాకు అందరినీ కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో దారి పొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను. అయ్యగారిని అన్నాను, తమ్ముణ్ణి అన్నాను, పలావులో ఉప్పు తగ్గిందని కూడా అన్నాను. అక్క బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న టిఫిన్లయ్యాక తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. వాడలా సవరించుకున్నాడంటే ఏదో ఉంది.

"కొట్టు ఓనరు గారు కబురు చేశారు చిన్నక్కా. ఖాళీ చేస్తే ఎవరో సెల్‌ఫోన్ల వాళ్ళు తీసుకుంటారంట. పెద్దక్కని అడిగాను. సరే అంది."

"సరే అందా, అలాగేనండి అందా?"

వాడు ఖాళీ ప్లేటు పక్కకి జరిపాడు.

"నీ చెడ్డీలు ఉతికిన మనిషి నిన్ను అండి అంటుందిరా? ఆ మాటకి అర్థం లేదని ఎన్నిసార్లు చెప్పాలి? అది దగ్గులాంటిది. దగ్గితే ఒప్పుకున్నట్టా?"

"మరి నువ్వు చెప్పు, ఆ చేత్తో కొట్టు ఎలా నడుపుతుంది? మూసిన కొట్టుకి అద్దె కట్టుకుంటూ కూర్చుంటామా?"

"కట్టుకుంటాం. అక్కకి ఆ కొట్టంటే ప్రాణం. చెయ్యి బాగుపడగానే మళ్ళీ వెళుతుంది. ఖాళీ చెయ్యడానికి చచ్చినా ఒప్పుకోదు. అక్క మనసులో ఏముందో నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. అంతే."

అక్క గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మేమిద్దరం ఆవిడ తల మీద నుంచే అరుచుకుంటున్నాం. నేను వెళ్ళి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ థెరపీ అమ్మాయి పట్టుకున్నట్టే ఎడం చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, కొట్టు ఖాళీ చెయ్యడం నీకిష్టం లేదు కదా? మళ్ళీ వెళ్ళాలనే కదా నీకు? చెప్పు వాడికి. లేదు అను. లే-దు. నాతో పాటు అను, లే..."

అక్క చెయ్యి లాక్కుంది.

"ఉండవే" అంది.

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. నేను ఉన్నచోటే ఉండిపోయాను. అది పాట కాదు. అలవాటుగా జారిన మాటా కాదు. కాస్త ముద్దగా ఉంది, అంతే. నా కోసం వెతికి, ఏరి, నా మొహాన అన్న మాట. నన్ను అలా అనే మనిషి ఈ లోకంలో అక్క తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

అక్క ఇంకా ఏదో చెప్పబోతోంది. ఎడం చెయ్యి ఎత్తి, నన్ను ఆపినట్టు గాల్లోనే ఉంచింది. పెదవులు బిగుస్తున్నాయి, విడుతున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. నా నాలిక మీదికి ఎన్ని మాటలొచ్చాయో. వద్దు. మళ్ళీ. నాదే. ఒక్కొక్కటీ పళ్ళ మధ్య నొక్కి పట్టాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు.

"కొట్టు" అంది అక్క. ఆగింది. "పోనీ."

తమ్ముడు నాకేసి చూశాడు. నేను చెప్పానా అని వాడు అనలేదు, కానీ ఆ మాట వాడి మొహంలో కనిపించింది. ఇంతసేపూ ఆ కొట్టు కోసం నేను కొట్లాడాను, ఆవిడకేమో అది అక్కర్లేదు. అక్క చెయ్యి మాత్రం ఇంకా దించలేదు.

"మి..." అంది. "మి..." కళ్ళు మూసుకుంది. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ వెళ్ళింది. "మిషను."

మేమిద్దరం కదల్లేదు.

"ఇంటికి."

కొట్టు ఉండాలా పోవాలా అనే కొట్లాడుకున్నాం కానీ, అందులో ఉన్న కుట్టు మిషను సంగతి మా ఇద్దరికీ తోచలేదు. తొక్కుడు మిషను కదక్కా, నీ కాలు ఇంకా అని తమ్ముడు నసిగాడు. అక్క ఎడం పాదం ఎత్తి నేల మీద టకటకా కొట్టి చూపించింది. ఆ తరవాత అలిసిపోయి వెనక్కి వాలిపోయింది.

నేను దొడ్లోకి వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను. టీచరు ప్రశ్న అడుగుతుందంటే జవాబు ఆవిడకి ముందే తెలుసన్నమాట. ఇన్ని రోజులూ నేను అక్కని అలాంటివే అడిగాను. గరిటెని గరిటె అంటారని అక్కకి తెలియదా? నాకు తెలియనిది ఒక్కటి కూడా అడగలేదు. కొట్టు సంగతి కూడా జవాబు నేనే పట్టుకుని, దాన్ని అక్క నోట్లో పెట్టబోయాను. పావురం కూర తెచ్చినావిడ కనీసం తెమ్మంటారా అని అడిగింది. నాకు చాలా సిగ్గేసింది. దానికి మించి, అక్క నన్ను కసిరిందని ఒళ్ళంతా సంతోషంగా ఉంది.

సాయంత్రం మిషను ట్రాలీ ఆటోలో వచ్చింది. తమ్ముడూ ఆటో అతనూ చెరో పక్కా పట్టుకుని మెట్లెక్కించారు. గుమ్మంలోకి రాగానే, ఎక్కడ పెట్టమంటారండి అని ఆటో అతను నన్నడిగాడు. తూర్పు గదిలో కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది, అక్కడే అని నాలిక చివరిదాకా వచ్చింది.

"అక్కా, ఎక్కడ పెట్టమంటావు?" అన్నాను.

అక్క ఇల్లంతా ఒకసారి కలియజూసింది. పెదవులు కదలడం మొదలుపెట్టాయి. బరువుగా ఉందండి, తొందరగా చెప్పండి అన్నాడు ఆటో అతను. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఏమీ మాట్లాడలేదు.